డిక్కీలో పట్టే టెంటు సామాను: దేవమాలి వెళ్ళేవారికి

అందరికీ నమస్కారం. చలికాలంలో పిల్లల్ని తీసుకుని చిన్న కార్లలో ఒడిశాలోని దేవమాలి కొండ వైపు వెళ్ళే కోరాపుట్, రాయగడ సభ్యుల కోసం ఇది.

చాలా చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల డిక్కీ సుమారు 240–270 లీటర్లే. ముందు టేపుతో దాని అడ్డం కొలవండి, తర్వాతే టెంటు చూడండి. సంచిలో పెట్టిన టెంటు 65 సెం.మీ. దాటితే ఇబ్బందే. విసిరితే విచ్చుకునే రకం మాత్రం వద్దేవద్దు. మడిచినా పెద్ద చక్రంలా ఉంటుంది, డిక్కీ తలుపు పడదు. ‘నలుగురికి’ అని రాసుంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, అంతే. సామానుకి చోటుండదు.

కడ్డీలు అల్యూమినియంవి తీసుకోండి. ఫైబర్‌వి చవకే గానీ కొండగాలికి నిలువునా చీలతాయి. వాటర్‌ప్రూఫ్ రేటింగ్ (బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి కారకుండా ఆగుతుందో చెప్పే అంకె) పైకప్పుకి 2000 మి.మీ., అడుగుకి 3000 మి.మీ. చూడండి. కింద పరిచే టార్పాలిన్ టెంటు అంచుకన్నా అన్నివైపులా 5 సెం.మీ. లోపలికి మడవాలి. బయటికొస్తే టెంటు మీంచి జారిన నీళ్ళన్నీ పట్టి అడుక్కి పంపుతుంది.

గాలి పరుపు ఒక్కటే వేస్తే వీపు గడ్డకడుతుంది, లోపలి గాలి వేడిని నేలకి లాగేస్తుంది. దానిమీద మడత ఫోమ్ షీటు పరవండి.

స్టవ్‌కి ప్రొపేన్ కలిసిన గ్యాస్ డబ్బా కొనండి. ఉత్త బ్యూటేన్ అయితే చలి 10 డిగ్రీలకన్నా కిందికి దిగితే మంట నీరసిస్తుంది. స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంటులో పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలు పోతాయి.

సర్దేటప్పుడు నీళ్ళ క్యాన్లు అడుగున, సీటు వీపుకి ఆనించి. టెంటు ఆఖర్న, పైన.