మెత్తపగడం ముడుచుకుంటే ముందు నీళ్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఇళ్లలోని సముద్రపు అక్వేరియంలలో మెత్తపగడాలు ముడుచుకోవడం మొదలవుతుంది. కొట్టువాళ్లు సాఫ్ట్ కోరల్స్ అంటారు వీటిని. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడంలా గట్టివి కావు, తాకితే తోలులాగా, రబ్బరులాగా ఉండే ప్రాణులు. ముడుచుకున్నాయని కంగారుపడి కొట్టుకు వెళ్తే ఒక సీసా ఇస్తారు. అది పోస్తే తగ్గకపోగా ఇంకో సీసా. నీళ్లలో ఏముందో కొలవకుండా పోసిన మందు వల్ల బతికే పగడాలు కూడా పోతున్నాయి. పెంచేవారికి పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముడుచుకున్నదల్లా జబ్బుపడినట్టు కాదు. గొడుగులా విప్పుకుని ఉండే లెదర్ కోరల్ ఉన్నట్టుండి వెంట్రుకల్లాంటి పాలిప్స్ అన్నిటినీ లోపలికి లాగేసుకుంటుంది. పైన మైనం పూసినట్టు మెరుస్తుంది. మూడు నాలుగు రోజులకో, ఒక్కోసారి రెండు వారాలకో, ఆ మెరుపు అంచుల దగ్గర లేచి ఉల్లిపొరలా ఊడిపోతుంది. ఒంటిమీద చేరిన నాచునూ మడ్డినీ అది వదిలించుకునే పద్ధతి అదే. నీళ్లను కదిలించే పంపును (వేవ్‌మేకర్‌ను) కాస్త తిప్పి, నీటి ఒరవడి దాని మీదుగా పోయేలా చేస్తే చాలు. నేరుగా ఒకేచోట కొట్టనివ్వకండి, గోటితో గీకి తీయకండి. అసలు జబ్బు గుర్తులు వేరే ఉన్నాయి. కాండం మొదలు నల్లబడుతుంది, ముట్టుకుంటే కండ జిగురుగా చేతికి వస్తుంది, నీళ్లలోంచి తీస్తే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది.

పగడాలు దెబ్బతినడానికి మొదటి కారణం, మన దగ్గర ఎక్కువమంది అనుమానించనిది, వంటింటి వాటర్ ప్యూరిఫయర్. ఇప్పుడు వచ్చే చాలా మోడళ్లలో ఆర్వో తర్వాత మినరల్ కాట్రిడ్జ్ ఉంటుంది, కొన్నిటిలో రాగి కలిపే కాట్రిడ్జ్ కూడా. తాగేవారికి ఏ హానీ చేయని ఆ కొంచెం రాగి పగడాలకూ, నత్తలకూ, రొయ్యలకూ విషం. ముందు నత్తలు అద్దం వదిలి ఇసుకలో పడతాయి. రొయ్యలు చస్తాయి. జీనియా అనే మెత్తపగడం చేతులు ముడిచి తెరవడం మానేస్తుంది. చేపలు మాత్రం మామూలుగా తిరుగుతుంటాయి. ఈ తీరు కనిపిస్తే రాగిని అనుమానించాల్సిందే. చేపల తెల్లమచ్చల జబ్బుకు వాడే రాగి మందుతోనూ ఇదే జరుగుతుంది. అది రాళ్లకు పట్టి ఉండి నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది కాబట్టి, ఆ మందు ఎప్పుడూ వేరే తొట్టెలోనే వాడాలి. రాగి చేరిందనుకుంటే రోజు విడిచి రోజు నాలుగో వంతు చొప్పున మూడుసార్లు నీళ్లు మార్చి, ఫిల్టర్లో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (మలినాలను పీల్చే బొగ్గు), రాగిని పట్టే రెజిన్ వేయాలి.

ఆర్వో ఒక్కటీ సరిపోదు. 1000 టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) ఉన్న బోరు నీళ్లలో 95 శాతం తీసేసినా ఇంకా 50 మిగులుతుంది. మినరల్ కాట్రిడ్జ్‌కు ముందే పైపు విడదీసి మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపితే సున్నా వస్తుంది. టీడీఎస్ మీటరు 2 దాటి చూపిన రోజున రెజిన్ మార్చేయండి. విశాఖలో బీచ్ నుంచి నీళ్లు తెచ్చుకునేవారు ఉన్నారు. వానల కాలంలో, ఆ తర్వాతి నెలల్లో, నదుల నీళ్లు కలిసి అక్కడ ఉప్పదనం బాగా పడిపోతుంది. డ్రైనేజీ కాల్వలు కలిసే చోటయితే వేరే చెప్పక్కర్లేదు.

రెండో కారణం ఉప్పదనం. ఉండాల్సింది 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు), అంటే 25 డిగ్రీల దగ్గర సాంద్రత 1.026. వంద లీటర్ల తొట్టెలో ఎండకు, ఫ్యాన్ గాలికి నాలుగు లీటర్లు ఆవిరైతే 35 కాస్తా 36.5 అవుతుంది. నీళ్లు పోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. తగ్గిన మేర మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోస్తే వారం వారం పెరుగుతూనే ఉంటుంది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరుకు గాలిబుడగ అంటుకుంటే ఎక్కువ చూపిస్తుంది. కొత్త నీళ్లు కలిపేటప్పుడు 20 లీటర్లకు సుమారు 750 గ్రాముల అక్వేరియం ఉప్పు పొడి (సాల్ట్ మిక్స్) పడుతుంది. మోటారు పెట్టి పూర్తిగా కరిగాక కొలిచి, తొట్టెతో సమానమైన వేడికి వచ్చాక పోయాలి.

వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటే మేలు, 30 దాటితే మెత్తపగడాలు డస్సిపోతాయి. నీటి మీదికి తిప్పిన చిన్న ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. హైదరాబాదు పొడి గాలిలో బాగా పనిచేస్తుంది, కోస్తా ఉక్కపోతలో అంత పనిచేయదు, అక్కడ నీళ్లు చల్లబరిచే యంత్రమే (చిల్లర్) దిక్కు. కరెంటు పోయినప్పుడు వేడి కంటే ముందు ప్రాణవాయువే కరువవుతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి చేతికి అందేలా పెట్టుకోండి. ఆ పంపు గదిలోని గాలినే లాగుతుంది కదా, పక్కనే దోమల మందు మిషను పెట్టొద్దు. అందులోని పైరెత్రాయిడ్ మందులు చేపలకూ రొయ్యలకూ విషం.

నీళ్లు మరీ శుభ్రంగా ఉన్నా చిక్కే. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు దింపితే జోవాలు (జోవాంథిడ్స్ అనే చిన్న పూలలాంటి పగడపు జాతి ప్రాణులు) సన్నబడి కరిగిపోతాయి. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం (పదిలక్షల వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం ఉండనివ్వండి. నురగతో మడ్డిని తీసేసే స్కిమ్మర్‌ను కొన్ని గంటలు ఆపడం, చేపలకు మేత కాస్త పెంచడం సీసాల కంటే మంచి మార్గాలు. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర నిలకడగా ఉండాలి. తగ్గితే కిరాణా కొట్టు వంటసోడా చాలు. వంద లీటర్లకు 3 గ్రాములు మంచినీళ్లలో కరిగించి మెల్లగా పోస్తే ఒక డీకేహెచ్ పెరుగుతుంది. రోజుకు అంతకు మించొద్దు. బేకింగ్ పౌడర్ వేరు, అది పనికిరాదు.

నిజంగా కుళ్లు పట్టినప్పుడు జాలిపడి ఊరుకోకూడదు. కొత్త బ్లేడుతో, కుళ్లు కనిపించే చోటు నుంచి ఒక సెంటీమీటరు మంచి కండ లోపలికి కోసి తీసేయండి. మిగిలిన ముక్కను అక్వేరియం అయోడిన్ ద్రావణంలో, సీసా మీద రాసిన మోతాదు ప్రకారం, వేరే గిన్నెలో ముంచి తీయాలి. కండ జారుతుంది కాబట్టి లెదర్ ముక్కకు సూపర్ గ్లూ నిలవదు. చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో వదులుగా కడితే రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది. కోసినప్పుడు లెదర్ వదిలే రసాయనాలు పక్క పగడాలను కాలుస్తాయి. అందుకే అదే రోజు కార్బన్ మార్చాలి.

జోవాల విషయంలో మాత్రం ప్రాణాల మీదికి రావచ్చు. కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లవుజులు, కళ్లద్దాలు లేకుండా కోయకండి. వాటిని వదిలించుకోవాలని రాయిని వేడినీళ్లలో ఉడికించడం లాంటివి చస్తే చేయకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి.

అమ్మేవారికి ఒక విన్నపం. ఉప్పు ఖర్చు కలిసొస్తుందని కొన్ని కొట్లు తొట్టెల్ని 1.020 దగ్గరే ఉంచుతాయి. అక్కడి పగడం ఇంట్లో 1.026లో ఒక్కసారిగా పడితే తట్టుకోలేదు. కవరు మీద ఆ రోజు ఉప్పదనం, వేడి రాసి ఇవ్వడానికి ఒక స్కెచ్ పెన్ను చాలు. గట్టి పగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్స్) 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని మెత్తపగడాల పేరుతో అంటగట్టకండి. కొనేవారు కూడా సముద్రం నుంచి తీసినదాన్ని కాకుండా, మరొకరి తొట్టెలో పెరిగిన ముక్కనే అడిగి తీసుకోవాలి.

ఇట్లు,
సముద్రపు అక్వేరియంల పెంపకందారు,
విశాఖపట్నం