కొండకి తాళం వేశారు, చెవి ఎవరి దగ్గరుందో చెప్పండి మంత్రిగారూ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

విశాఖపట్నంలో మధురవాడ దాటాక ఓ కొండ మొదట్లో కాపురముంటూ, పొద్దున్నే సైకిలు తొక్కే ఓ లెక్చరరు నమస్కారాలతో రాస్తున్న లేఖ ఇది.

మా కొండ మీద సైకిలు దారి వేసే పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. శంకుస్థాపన చేసింది మీరే, కొబ్బరికాయ కొట్టిందీ మీరే. ఆ రోజు మీరు ఎక్కి ఫొటో దిగిన గేరు సైకిలు మా అమ్మాయిది. మీ కోసం సీటు దించాం, మీరు వెళ్ళాక మళ్ళీ ఎత్తుకున్నాం. అందుకని ముందు మాటలు వదిలేసి అసలు సంగతికి వస్తాను. మా కాలనీ వెనక కొండదారికి గేటు పెట్టారు. గేటుకి తాళం వేశారు. ఆ తాళంచెవి ఏ ఆఫీసులో ఉందో చెప్పే నాథుడు లేడు. సోమవారం అర్జీల్లో ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. కొన్నాళ్ళకి ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. సంబరంగా సైకిళ్ళు తీసుకుని వెళ్ళి చూస్తే పాత తాళానికి తోడు గొలుసు కూడా వచ్చి చేరింది. పరిష్కారం అంటే అదే కాబోలు.

ఏ ఆఫీసో ఇక్కడ పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున్నే ‘సదరు కొండ మా పరిధిలోనిది కాదు’ అని వివరణ ఇస్తారు. ఆ వివరణకి సంజాయిషీ, ఆ సంజాయిషీకి మరో ఫైలు. మాకంత ఓపిక లేదు.

మీ పేషీలో ఒకాయన నవ్వుతూ అడిగారు: ‘సైకిలు తొక్కడానికి కొండే కావాలా మేడమ్? బీచ్ రోడ్డుంది కదా!’ ఉంది, కాదనను. పొద్దున్న పూట ఆర్కే బీచ్ దగ్గర బండ్లు ఆపేస్తారు, హాయిగా ఉంటుంది. అక్కణ్ణించి భీమిలి దాకా సముద్రం పక్కనే తొక్కుకుంటూ పోవచ్చు. కానీ అది రోడ్డు సైకిళ్ళ సుఖం. మేం తొక్కేది మట్టి మీద, మౌంటెన్ బైకింగ్ అంటారు. రెండంగుళాల పైన మందమున్న టైరు, ముందు ఫోర్కుకి కుదుపులు మింగే సస్పెన్షను, ముళ్ళు గుచ్చుకున్నా ఆగకుండా లోపల జిగురుపాలు. ఇవన్నీ తారు రోడ్డు కోసం కొనుక్కున్నవి కావు. 1970ల్లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళేసుకుని మట్టిదారుల్లో కొండ దిగడంతో ఊపందుకున్న ఆట ఇది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కి ఎక్కింది. హిమాచల్ కొండల్లో 2005 నుంచి పోటీలు పెడుతున్నారు. కొండా సముద్రమూ పక్కపక్కనే ఉన్న మన ఊళ్ళో మాత్రం ఇంకా ‘కొండే కావాలా’ దగ్గరే ఆగాం.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలా అని మేం పడ్డ తిప్పలు మీకు తెలియాలి. అందరూ వాస్తు చూస్తారు, మంచినీళ్ళ పంపు చూస్తారు, స్కూలు బస్సు వస్తుందా అని చూస్తారు. మేం అవి కూడా చూశాం, దాంతోపాటు ఇంటి గేటు దాటిన పావుగంటలో చక్రం కింద మట్టి తగులుతుందా అనీ చూశాం. బ్రోకరు తల పట్టుకున్నాడు. ‘హిల్ వ్యూ ఉందమ్మా’ అంటాడు. కొండ కనబడితే ఏం లాభం బాబూ, ఎక్కనివ్వాలి కదా.

సీతమ్మధార, ఎంవీపీ అన్నిటికీ దగ్గరే. కానీ కొండదారి పట్టాలంటే ముందు హనుమంతవాక మీదుగా జాతీయ రహదారి మీద లారీల మధ్య ఈదుకురావాలి. గాజువాక వైపు యారాడ కొండ చూస్తే ప్రాణం లేచొస్తుంది. అక్కడ సగం చోట్ల నేవీ బోర్డులు, అవి ఉండాల్సినవే. మాధవధార వైపు సింహాచలం కొండ ఉంది, చెట్టూ నీడా అన్నీ ఉన్నాయి. అప్పన్న దగ్గరికి మెట్లెక్కి వెళ్ళేవాళ్ళ మధ్యలోంచి సైకిలు దింపడానికి మాకే మనసొప్పలేదు. ఆరిలోవ, అడవివరం అంటే కంబాలకొండ ఒళ్ళో ఉన్నట్టే. అయితే అది అభయారణ్యం, దాదాపు 70 చదరపు కిలోమీటర్లు, చిరుతలుండే చోటు. పొద్దున్నే చీకట్లో చప్పుడు లేకుండా వేగంగా వచ్చే సైకిలు అక్కడ ఎవరికీ క్షేమం కాదు, చిరుతక్కూడా. భీమిలి దగ్గర తీసుకుంటే ఎర్రమట్టి దిబ్బలున్నాయిగా అని కొందరు సలహా ఇచ్చారు. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన దిబ్బలవి. వేల ఏళ్ళు గాలీ వానా కలిసి చెక్కిన ఇసుక. దాని మీద టైరు గాడి పడితే ఆ గాడిలోంచే వాన దాన్ని కోసుకుంటూ పోతుంది. అక్కడ సైకిలు తొక్కేవాళ్ళని పట్టుకుని జరిమానా వేస్తే ముందు చప్పట్లు కొట్టేది నేనే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మేం అడవి అడగడం లేదు, గుడి అడగడం లేదు, దిబ్బలు అడగడం లేదు. అవన్నీ వదిలేసి, ఏ చట్టానికీ అడ్డు రాని మామూలు కొండ వెతుక్కుని, దాని కింద ఇరవై ఏళ్ళ బ్యాంకు అప్పు మీద ఫ్లాట్ కొనుక్కున్నాం. మా అత్తగారు ఇప్పటికీ అంటారు, ‘కొండెక్కడానికి సైకిలెందుకే, కాళ్ళున్నాయిగా’ అని. ఆవిడకి సమాధానం చెప్పుకుంటాను. బ్యాంకుకి ఏం చెప్పుకోను?

ఆ దారి మీరు చూడలేదు. శంకుస్థాపన రోజు షామియానా దగ్గరే ఆగిపోయారు. మేకలు తోలుకెళ్ళేవాళ్ళూ, కట్టెలకెళ్ళే ఆడవాళ్ళూ తరాలుగా నడిచి వేసిన దారి. కొండ నడుము చుట్టూ తిరుగుతూ పోయేది. జీడిమామిడి చెట్ల కింద ఎర్రమట్టి, మధ్యలో రాళ్ళు తేలిన మెట్ట, అది దాటగానే సీతాఫలం పొదలు హ్యాండిల్ బారుకి రాసుకునేంత ఇరుకు. తొలకరి పడ్డ మర్నాడు ఆ మట్టి టైరుని పట్టుకునే తీరు మాటల్లో చెప్పలేను. ఎక్కడా రొప్పొచ్చి దిగాల్సినంత ఏటవాలు లేదు. ఎందుకంటే నెత్తి మీద మోపుతో నడిచే మనిషి నిట్టనిలువుగా ఎక్కదు, ఒంపు తిరుగుతుంది. ఏ ఇంజినీరూ గీయకపోయినా ఆ గీత అంత కుదురుగా వచ్చింది.

దాన్ని ‘అభివృద్ధి’ చేస్తామన్నారు. ముందు జేసీబీ వచ్చింది. ఒంపులన్నీ వదిలేసి కింద నుంచి పైకి సూటిగా ఒక్క గీత గీసింది. తర్వాత సిమెంటు వచ్చింది. తర్వాత రంగురంగుల టైల్స్. ఏటవాలు ఎక్కువైందని మధ్యలో మెట్లు కట్టారు. అవునండీ, సైకిలు దారికి మెట్లు కట్టారు. పైన స్టీలు రెయిలింగు, సెల్ఫీ పాయింటు, గుండె ఆకారంలో ఓ బెంచీ. సైకిలు బొమ్మ వేసిన బోర్డు మెట్ల పక్కనే ఉంది. అది చూసి మా అమ్మాయి అడిగింది, ‘అమ్మా, దీన్ని భుజానేసుకుని ఎక్కాలా?’ అని. మీ తరఫున నేనేం చెప్పను?

కొండదారి వేయడానికి ఓ లెక్క ఉంది మంత్రిగారూ. ఫిజిక్సు చెప్పుకునేదాన్ని కాబట్టి కాస్త విసిగిస్తాను. సగటున పది మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తుకి మించి ఎక్కకూడదు. కొండ వాలు ఎంతుందో, దారి వాలు అందులో సగానికి మించకూడదు. మించితే వాననీళ్ళు దారిని అడ్డంగా దాటిపోవు, దారినే కాలవ చేసుకుని దిగుతాయి. బయటి అంచు లోపలి అంచు కంటే కాస్త పల్లంగా ఉంచాలి. మధ్యమధ్య కొంచెం దిగి మళ్ళీ ఎక్కేలా పెడితే నీళ్ళు అక్కడే పక్కకి జారిపోతాయి. అంతే. దీనికి కావాల్సింది గునపం, పార, వాలు కొలిచే మనిషి. సిమెంటు బస్తా ఒక్కటి అక్కర్లేదు. మేకల దారిలో ఇవన్నీ వాటంతటవే ఉన్నాయి, మీరు డబ్బు పోసి తీసేశారు.

ఫలితం మొదటి పెద్ద వానకే తెలిసింది. సూటిగా కోసిన గీతలోంచి ఎర్రనీళ్ళు దిగి, టైల్స్ కింద ఇసుక కొట్టుకుపోయి, వరసలు వరసలుగా లేచిపోయాయి. ఆ మట్టంతా మా కాలనీ కాలవల్లో చేరింది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు చెట్లు పోయిన కొండలు ఎలా కారాయో చూసిన ఊరు ఇది. అయినా అప్పుడు కొట్టింది తుపాను, ఇప్పుడు కొట్టింది టెండరు.

ఈ సంగతి ఒక అధికారికి చెప్పుకుంటే ఆయన ఎంతో దయగా, ‘హైదరాబాద్‌లో లాగా పైన సోలారు కప్పు వేయిద్దామా?’ అన్నారు. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో వేశారు, బాగుంది, తొక్కి వచ్చాం కూడా. అది చదునైన నేల, నున్నటి రోడ్డు. కొండ మీద జీడిమామిడి నీడ కొట్టేసి సోలారు నీడ వేస్తామంటే ఏమనాలో తోచక దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఇక గేటు. లేచిపోయిన టైల్స్ మీద ఎవరో జారిపడ్డారట. బాగుచేయాల్సింది పోయి తాళం వేశారు. కాపలాకి పెట్టిన పెద్దాయన మంచివాడు. ‘నానేటి సేసీదమ్మా, ఆర్డరు నేదు. తాళం సెవి నాకాడ నేదు, ఆఫీసోళ్ళు అట్టుకెళ్ళిపోనారు’ అంటాడు. ఏ ఆఫీసు తాతా అంటే ఆయనకీ తెలీదు. ఒక ఆఫీసుకి వెళ్తే కొండ పక్కవాళ్ళదన్నారు. పక్కవాళ్ళు దారి మాత్రమే మాది, గేటు కాదన్నారు. గేటు పెట్టినవాళ్ళు కాంట్రాక్టరుకి ఇంకా బిల్లు అవ్వలేదు, అప్పగింత జరగలేదన్నారు. అంటే కాగితాల ప్రకారం ఆ గేటు ఇంకా పుట్టనే లేదు. పుట్టని గేటుకి తాళం ఎలా పడిందన్నది పెద్దలకే తెలియాలి. కట్టెలకెళ్ళే ఆడవాళ్ళు కంచె కింద నుంచి దూరి వెళ్తున్నారు. వాళ్ళ చీరలు చిరుగుతున్నాయి, అది ఏ ఫైల్లోనూ లేదు.

మాకు గేటు పడ్డాక పిల్లలు ఎక్కడికి పోతారు? రహదారి మీదికి పోతున్నారు. పదిహేనేళ్ళ పిల్లలు తెల్లవారకుండా కంటైనర్ లారీల పక్కన సర్వీసు రోడ్డు లేని చోట్ల తొక్కుతున్నారు. మా అమ్మాయి ఇంటికొచ్చేదాకా నేను బాల్కనీలోంచి కదలను. ఆ ఒక్క మాట మీరు మీ ఇంట్లో పిల్లల్ని తలుచుకుని చదవండి. వెటకారం పక్కన పెట్టి అడుగుతున్నాను.

శాఖల మధ్య సమన్వయం లేదని మీవాళ్ళు పాడే పాట మాత్రం నేనొప్పుకోను. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ జరుగుతుంది. 32 కిలోమీటర్లు, లక్షల జనం. ఆ ఒక్క రోజుకి నీళ్ళూ, లైట్లూ, మరుగుదొడ్లూ, పోలీసులూ, వైద్యులూ అన్నీ ఎలా కలిసొస్తాయి? మా కొండకొచ్చేసరికే ఎవరికి వారు విడిపోతారా? కలిసి పనిచేయడం మీకు వచ్చు. మేం తక్కువమందిమి, మాకు ఓట్లు లేవు, అంతే తేడా. నిజానికి ఓట్లూ ఉన్నాయి, ఈమధ్యే చిరునామా మార్పించుకున్నాం.

ఏం కావాలో తేల్చి చెప్పమంటారు మీరు. తాళం తీయించండి. తీయించలేకపోతే వేసిందెవరో కాగితం మీద రాసివ్వండి, మిగతాది మేం చూసుకుంటాం. మెట్లు పగలగొట్టమని అడగను, మళ్ళీ అదో టెండరవుతుంది. సెల్ఫీలు దిగేవాళ్ళు దిగనీండి. మెట్ల పక్కన జేసీబీ ముట్టుకోని పాత దారి ముక్కలు ఇంకా ఉన్నాయి, వాటిని కలుపుకోనివ్వండి. పొద్దున్న రెండు గంటలు సైకిళ్ళకి, మిగతా రోజంతా మేకలకీ మనుషులకీ. రాతపూర్వకంగా ఇవ్వండి, నోటిమాట వద్దు. తాళం మాత్రం తీయించండి.

మీకు పైసా ఖర్చు లేదు. గునపాలు మావే, పారలు మావే, ఆదివారాలు మావే. కొలతలు చూసి సంతకం పెట్టే ఇంజినీరు ఒకరిని మాత్రం పంపండి. ఆయనకి టిఫిను మా ఇంట్లోనే, మా అత్తగారి చేతి పెసరట్టు. బూట్లు వేసుకుని రమ్మనండి, మెట్ల మీద టైల్స్ కదులుతున్నాయి.

ఇట్లు,
కొండ కింద అప్పు మీద ఇల్లు కొనుక్కున్న ఒక సైకిలు లెక్చరరు,
విశాఖపట్నం