మాక్రో లెన్స్ కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

పురుగులను, పూలను బాగా దగ్గరగా ఫొటో తీయాలన్న సరదా మన ఊళ్లలో ఈమధ్య పెరిగింది. దానికి తగ్గట్టే మాక్రో లెన్సుల గురించి పత్రికల సాంకేతిక పేజీల్లో సలహాలూ తరచుగా కనిపిస్తున్నాయి. అయితే ఆ సలహాలన్నీ ధర ఎంత, ఎఫ్ సంఖ్య (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె; అది తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది) ఎంత, చేతి వణుకును సరిచేసే ఏర్పాటు ఉందా లేదా అన్న మూడింటి చుట్టూనే తిరుగుతున్నాయి. మొదటిసారి కొనేవారు వీటికన్నా ముందు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. లెన్సును దాని పూర్తి శక్తి మేరకు వాడినప్పుడు ముందు అద్దానికీ పురుగుకూ మధ్య ఎంత జాగా మిగులుతుందన్నదే ఆ సంగతి. జంతుశాస్త్రం బోధిస్తూ విద్యార్థుల చేత ఇలాంటి ఫొటోలు తీయించిన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను.

పేరులో మాక్రో అన్న మాట ఉన్నంత మాత్రాన అది మాక్రో లెన్సు అయిపోదు. 70-300 జూమ్ లెన్సులు (ఈ అంకెలు లెన్సు ఫోకల్ లెంగ్తును ఎంఎంలలో, అంటే మిల్లీమీటర్లలో చెబుతాయి) కొన్నింటి మీద ఆ మాట చెక్కి ఉన్నా, అవి వస్తువును సెన్సర్ (కెమెరాలో వెలుగును పట్టే పలక) మీద సగం పరిమాణంలో మాత్రమే చూపగలవు. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సు (కిట్ లెన్సు) మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. అసలైన మాక్రో లెన్సు వస్తువును సెన్సర్ మీద దాని నిజమైన పరిమాణంలోనే నిలుపుతుంది. దీన్నే 1:1 అంటారు. ఈ తేడా ఎంత ముఖ్యమో 2021-22లో మన మిర్చి రైతులను ముంచిన నల్ల తామర పురుగును తీసుకుంటే తెలుస్తుంది. దాని పొడవు ఒక మిల్లీమీటరు ప్రాంతం. 24 మెగాపిక్సెళ్ల మామూలు కెమెరాలో సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు కాబట్టి, 1:1 వద్ద ఆ పురుగుకు సుమారు 250 పిక్సెళ్లు దక్కుతాయి. అదే కిట్ లెన్సుతో తీస్తే ఎనభై పైచిలుకు మాత్రమే. మొదటి దానిలో రెక్కలు, కాళ్లు విడివిడిగా పోల్చుకోవచ్చు. రెండో దానిలో పూరేకు మీద ఒక నల్లటి గీత తప్ప మరేమీ కనబడదు.

ఇక జాగా సంగతి. తయారీదారులు ప్రకటించే కనీస ఫోకస్ దూరం లెన్సు ముందు అంచు నుంచి కొలిచినది కాదు. అది సెన్సర్ నుంచి కొలిచినది. కెమెరా పైభాగాన సున్నాకు అడ్డగీత గీసినట్టుండే చిన్న గుర్తు ఆ సెన్సర్ ఉన్న స్థానాన్నే సూచిస్తుంది. నికాన్ 40 ఎంఎం మైక్రో లెన్సుకు (నికాన్ తన మాక్రో లెన్సులను మైక్రో అని పిలుస్తుంది) ఈ దూరం 16 సెంటీమీటర్లని చదివి, ఫరవాలేదు, జానెడు దూరం ఉందనుకుంటాం. ఆ జానెడులో కెమెరా లోతూ లెన్సు పొడవూ పోగా పురుగుకు మిగిలేది అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. అంత దగ్గరకు చేరేసరికి సీతాకోకచిలుక, తూనీగ ఎగిరిపోతాయి. కదలకుండా కూర్చున్న పురుగు మీద కూడా లెన్సు నీడే పడుతుంది. చవకగా, తేలికగా ఉంటుందని తొలి లెన్సుగా 40 లేదా 60 ఎంఎం రకాన్ని సిఫారసు చేసే వారితో నేను ఏకీభవించలేకపోవడానికి కారణం ఇదే. కదలని పూలకు, నాణేలకు, నగలకు అవి చక్కగా సరిపోతాయి. ప్రాణమున్న వాటికి మాత్రం 90 నుంచి 105 ఎంఎం మధ్య ఉన్నదే తీసుకోవాలి. కానన్ 100, నికాన్ 105 లెన్సులు 1:1 వద్ద కూడా 13 నుంచి 15 సెంటీమీటర్ల జాగా ఇస్తాయి. టామ్రాన్ 90 పాత రకాల్లో ఫోకస్ దగ్గరకు తెస్తున్న కొద్దీ గొట్టం ముందుకు సాగుతుంది కనుక జాగా కొంత తగ్గుతుంది. 180 ఎంఎం రకాలు ఇంకా దూరం నుంచి తీస్తాయి గాని, కిలో బరువును చేత్తో పట్టుకుని పొలం గట్ల మీద తిరగడం కొత్తవారికి తగిన పని కాదు.

ఎఫ్ సంఖ్య గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. 1:1 దగ్గరకు వెళ్లేసరికి ఏ లెన్సయినా దాదాపు రెండు స్టాపుల వెలుగును పోగొట్టుకుంటుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). పైగా పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్ 8 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరుకు మించదు. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే తడి నేల మీద కనిపించే ఆరుద్ర పురుగును తీసి చూడండి. ముందు కాళ్ల మీద ఫోకస్ నిలిపితే నడుము దగ్గరకు వచ్చేసరికే మఖమలు నూగు మసకబారిపోతుంది.  అందుచేత మనం వాడేది ఎఫ్ 8, ఎఫ్ 11లే. ఎఫ్ 16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల పదును తగ్గుతుంది. ఎఫ్ 2.8 కోసం అదనంగా డబ్బు పెట్టడం వ్యర్థం.

వణుకు నిరోధం మాటా అంతే. 2009లో వచ్చిన కానన్ 100 ఎల్ లెన్సులో ఈ ఏర్పాటు మామూలు దూరాల్లో నాలుగు స్టాపుల మేరకు పనిచేస్తుందనీ, 1:1 వద్ద అది రెండు స్టాపులేననీ ఆ సంస్థే ప్రకటించింది. గాలికి ఊగే ఆకును ఆ ఏర్పాటు ఎలాగూ ఆపలేదు. ఫొటోలో ఆ కదలికను ఆపేందుకు బాగా పనికొచ్చేది ఫ్లాష్. కాబట్టి ఆ ఏర్పాటు లేని పాత కానన్ 100 కొనుక్కుని, మిగిలిన డబ్బుతో ఒక చిన్న ఫ్లాష్ తీసుకుని, దాని ముందు పార్సిళ్లలో వచ్చే తెల్లటి ఫోమ్ షీటును వంచి కడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక ఫొటో తీసే అలవాటు కొందరికి ఉన్నదని విన్నాను. అది ప్రకృతి ఫొటో అనిపించుకోదు.

చాలామంది మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకు మారుతున్నందున పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దమున్న కెమెరా) మాక్రో లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో బాగానే దొరుకుతున్నాయి. కొనేటప్పుడు వెనుక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవకైనా వదిలేయాలి. కోస్తా జిల్లాల గాలిలోని తేమకు ఇది తరచుగా ఎదురయ్యే సమస్యే. నికాన్ చిన్న కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు కనుక కెమెరాలోని మోటారు మీద ఆధారపడే పాత ఏఎఫ్-డి లెన్సులు వాటి మీద ఆటోఫోకస్ కావు. అయితే 1:1 దగ్గర కెమెరానే ముందుకూ వెనక్కూ జరుపుతూ ఫోకస్ చూసుకుంటాం గనుక ఇది పెద్ద లోపం కాదు. ఇంకా తేల్చుకోలేని వారు తమ 50 ఎంఎం లెన్సుకు ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలించి కొన్నాళ్లు తీసి చూడవచ్చు. జాగా మాత్రం బాగా తగ్గిపోతుంది.

మీ పత్రికలో లెన్సుల గురించి రాసినప్పుడల్లా ఈ మిగిలే దూరాన్ని కూడా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. తయారీదారు ప్రకటించకపోయినా, గొట్టం ముందుకు సాగని లెన్సులకు దాన్ని లెక్కగట్టవచ్చు. కనీస ఫోకస్ దూరం నుంచి లెన్సు పొడవునూ, లెన్సు తగిలించే చోటి నుంచి సెన్సర్ వరకు ఉన్న దూరాన్నీ తీసివేయాలి. ఈ రెండోది కానన్ డీఎస్‌ఎల్‌ఆర్లకు 44 మిల్లీమీటర్లు, నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్లకు 46.5. కానన్ 100 ఎల్ విషయంలో 300 నుంచి 123, 44 తీసివేస్తే 133 మిల్లీమీటర్లు వస్తుంది.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి