తెలిసిన సిస్టమ్‌నే ఎందుకు పట్టుకుంటారు?

సంపాదకులకు నమస్కారం.

మిర్యాలగూడలో పదకొండేళ్లుగా రైస్ మిల్లులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తున్నాను. కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్లలో (ఆపరేటింగ్ సిస్టమ్‌లలో) లైనక్స్ ఉచితమైనా కంపెనీలు విండోస్‌నే ఎందుకు కొంటాయని ఇంజినీరింగ్ పిల్లలు అడుగుతుంటారు.

ఖర్చు తగ్గుతుందని నేనూ ఒక మిల్లులో లైనక్స్ పెట్టాను. వానాకాలం వడ్లు వచ్చే రోజులు. కాంటా దగ్గరి పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చీటీని సగంలోనే ఆపేసింది. గుమస్తా "సారూ, టాలీ యాడుంది?" అన్నాడు. లెక్కలు రాసుకునే ఆ టాలీ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం తయారైంది మరి. గేటు బయట ట్రాక్టర్ల వరుస, వాటి మీద రాత్రంతా నిద్రలేని రైతులు. వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. సాయంత్రానికల్లా మళ్లీ విండోస్ ఎక్కించాను. లైసెన్సు డబ్బుల కన్నా ఆ ఒక్కరోజు పని ఆగడమే మిల్లుకు బరువైంది. పెద్ద కంపెనీల లెక్కా ఇంతే. చేయి తిరిగిన మనుషులు దొరకాలి, చెడితే వెంటనే బాగవ్వాలి.

అలాగని లైనక్స్‌ను వదిలేయకూడదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) మీదే మన ఆండ్రాయిడ్ ఫోన్లు నడుస్తున్నాయి, ఇంటర్నెట్ సర్వర్లలోనూ చాలా వరకు అదే. మైక్రోసాఫ్ట్ సైతం 2016లో విండోస్ లోపలే లైనక్స్ పనిముట్లు వాడుకునే వీలు కల్పించింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. మిల్లుల్లోని పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అలాంటి చోట లైనక్స్ తెలిసిన మనుషులు కావాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ డిగ్రీ కాలేజీల అధ్యాపకులను ఒకటే కోరుతున్నాను: మీ ల్యాబులో కనీసం నాలుగు కంప్యూటర్లలోనైనా లైనక్స్ పెట్టి, పిల్లల చేత రోజూ వాడించండి.

– ఒక సాఫ్ట్‌వేర్ పనివాడు, మిర్యాలగూడ