‘టమాటా డబ్బా ఒకటి’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

వంటల పేజీల్లో ఈమధ్య తరచుగా కనిపిస్తున్న మాట ‘టమాటా డబ్బా ఒకటి’. దాని వెనకే ‘వేసి పది నిమిషాలు ఉడికించాలి’ అని ఉంటుంది. సూపర్‌మార్కెట్లో అన్నిటికన్నా చవకైన డబ్బా తెచ్చి, ఆ మాట పట్టుకుని వండినవాళ్లకి దక్కేది పుల్లటి ఎర్రనీళ్లు, అందులో తేలే గట్టి ముక్కలు. డబ్బా మంచిది కాదనుకుని మళ్లీ ఆ వైపు చూడరు. పొరపాటు మాత్రం వంట రాసిన తీరులో ఉంది. చవక డబ్బాలో నీళ్లెక్కువ, పులుపెక్కువ, ముక్క గట్టి, వాసన తక్కువ. ఈ నాలుగూ ఎందుకొస్తాయో తెలుసు, ఎలా సరిచేయాలో కూడా తెలుసు. అవి చెప్పకుండా డబ్బా ఒకటి వేయమంటే వండేవాళ్లు మునగక ఏం చేస్తారు?

ముందు డబ్బా మీది చిన్న అక్షరాలు చదవాలి. 400 గ్రాముల డబ్బాకి వడగట్టిన బరువు సాధారణంగా 240 గ్రాములు అని ఉంటుంది. మిగతా 160 గ్రాములూ రసమే. టమాటాలో ఎలాగూ 94, 95 శాతం నీరే కాబట్టి ఆ 240లో కూడా కండ కొంచెమే. ఖరీదైన డబ్బాల్లో కాయల చుట్టూ చిక్కటి గుజ్జు పోస్తారు, చవక వాటిలో పల్చటి రసం పోస్తారు. ధరలో తేడాకి ఇదొక పెద్ద కారణం. తేల్చుకోవడానికి ఒక చెంచాడు రసం తెల్లటి పళ్లెంలో పోసి కాస్త వంచండి. ఎర్రటి గుజ్జు ఒకచోట ఆగిపోయి, దాని అంచు దాటి లేత గులాబీ రంగు నీరు జారిందంటే అది పల్చటి డబ్బా. దానికి తగ్గట్టే వండాలి.

నిండు కాయల డబ్బా కొనాలా, ముక్కల డబ్బా కొనాలా అన్నది ధర కన్నా ముఖ్యమైన సంగతి. సాస్‌కి నిండు కాయలే కొనండి. పదార్థాల వరుసలో ‘కాల్షియం క్లోరైడ్’ అనో, 509 అనే సంఖ్యో ఉందేమో చూడండి. ముక్కల డబ్బాల్లో ఇది తరచుగా ఉంటుంది. కాయ గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని కాల్షియం పట్టి బిగించేస్తుంది కాబట్టి ముక్క అంచులు చెదరవు. గంటసేపు మరిగించాక కూడా గరిటెతో తీసి చూస్తే నాలుగు మూలలూ కోసినవి కోసినట్టే ఉంటాయి. ఇంకో అరగంట ఉడికిస్తే మెత్తబడుతుందిలే అని ఎదురుచూడటం దండగ, ఈలోగా చుట్టూ ఉన్న రసం అడుగంటుతుంది. ముక్క ముక్కలాగే ఉండాల్సిన సూప్‌కి ఆ డబ్బా చక్కగా పనికొస్తుంది. సాస్‌కి అదొక్కటే దొరికితే పొయ్యి మీద పెట్టకముందే మిక్సీలో రెండుమూడుసార్లు ఆపి ఆపి తిప్పాలి. నిండు కాయల డబ్బాల్లో కాల్షియం తక్కువే కలుపుతారు, కొన్నిట్లో అసలుండదు. పైగా కాయ నిండుగా కనిపించాలి కాబట్టి చితికినవీ చీలినవీ అందులోకి రావు, ముక్కల్లో కలిస్తే ఎవరూ పోల్చలేరు.

ఇక వండటం. చాలామంది చేసే తప్పు డబ్బా మొత్తం ఒకేసారి కుమ్మరించేయడం. అలా పోస్తే రసం ఇగిరేదాకా కండ కూడా ఉడుకుతూనే ఉండాలి, చివరికి దాని తాజాదనం పోయి జామ్ వాసన వస్తుంది. రసాన్నీ కాయల్నీ విడదీయాలి. గిన్నె మీద జల్లెడ పెట్టి డబ్బా వంపి, ఒక్కో కాయనీ చేత్తో చీల్చి లోపలి రసం కూడా దిగనివ్వండి. తొడిమ దగ్గర పచ్చగా గట్టిగా ఉన్న భాగం, అంటుకుని మిగిలిన తొక్క ఉంటే తీసేయండి, చవక డబ్బాల్లో ఈ రెండూ తగులుతాయి. గింజల చుట్టూ ఉన్న జిగురు మాత్రం పారేయొద్దు. టమాటాకి కమ్మదనాన్నిచ్చే గ్లుటమేట్ కండలో కన్నా ఆ జిగురులోనే ఎక్కువ.

వెడల్పాటి మూకుడు తీసుకోవాలి. 28 సెంటీమీటర్ల మూకుడులో ఆవిరి పోయే పైభాగం 16 సెంటీమీటర్ల గిన్నెలో కన్నా మూడు రెట్లు. అదే డబ్బా, అదే సెగ అయినా ఒకదాంట్లో ఇరవై నిమిషాల్లో అయ్యే పని రెండోదాంట్లో ముప్పావు గంటకు కూడా తెమలదు. పాత్ర వెడల్పు చెప్పకుండా ‘పది నిమిషాలు’ అని రాయడంలో అర్థం లేదని చెప్పడానికి ఈ లెక్క చాలు.

రెండు పెద్ద చెంచాల నూనెలో సన్నగా తరిగిన 100 గ్రాముల ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు వేసి సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు మగ్గనివ్వండి. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కితే ఏ ప్రతిఘటనా లేకుండా నలిగిపోవాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత దిద్దుకోలేం. పులుపు తగిలాక ఉల్లిపాయ అంత తేలిగ్గా మెత్తబడదు, చాలాసేపు ఉడికించినా పంటికింద కరకరమంటూనే ఉంటుంది. బంగాళాదుంపకీ, బీన్స్ గింజలకీ ఇదే వర్తిస్తుంది. నానబెట్టిన గింజల్ని నేరుగా టమాటాలో వేసి రెండు గంటలు ఉడికించి, గింజ పాతదేమో అని అనుమానపడేవాళ్లున్నారు. గింజ మంచిదే, పులుపు దాని గోడల్ని కరగనివ్వలేదు. విడిగా నీళ్లలో పూర్తిగా ఉడికాకే టమాటాలోకి రావాలి.

ఉల్లిపాయ మగ్గాక రెండు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి ఒక నిమిషం, ఆ తర్వాత ఒక పెద్ద చెంచాడు టమాటా పేస్ట్ వేసి రెండు నిమిషాలు వేయించండి. చవక డబ్బాలో లేని చిక్కదనాన్ని ఇచ్చేది ఈ ఒక్క చెంచా. మామూలుగా దొరికే డబుల్ కాన్‌సెంట్రేట్ పేస్ట్‌లో ఘనపదార్థం 28 శాతం దాకా ఉంటుంది, కాయలో ఐదారు శాతమే. దాన్ని నూనెలో వేయించాలి, నీళ్లలో కలిపేస్తే పచ్చివాసన అలాగే నిలిచిపోతుంది. మెరిసే ఎరుపు తగ్గి ఇటుక రంగుకి తిరిగి, నూనె కూడా ఎర్రబడినప్పుడు వేగినట్టు. ఇంకో నిమిషం ఏమరితే మాడి చేదెక్కుతుంది, కాబట్టి రసం గిన్నె చేతికందేంత దూరంలో ఉంచుకోండి.

ఇప్పుడు వడగట్టిన రసం ఒక్కటే పోసి, సెగ పెంచి, ఐదారు నిమిషాల్లో సగానికి ఇగరనివ్వాలి. అప్పుడు చిదిపిన కాయలు వేసి మధ్యస్థంగా ఉన్న సెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. మూత పెట్టొద్దు. పెడితే ఆవిరి తిరిగి అందులోకే కారుతుంది. చిటపటలు చేతుల మీద పడతాయనుకుంటే సన్నని జాలీ కప్పండి. గడియారం కన్నా గరిటెని నమ్మండి. మూకుడు అడుగున గరిటెతో ఒక గీత గీస్తే దారి విడిచి రెండుమూడు క్షణాలు అలాగే నిలవాలి, ఆ తర్వాత నెమ్మదిగా మూసుకోవాలి. అంచుల్లో నూనె సన్నని ఎర్రటి చారగా తేలుతుంది. గీసిన వెంటనే దారి మూసుకుపోతే నీరింకా ఉంది. డబ్బాని నీళ్లతో తొలిచి పోయమని వంటల్లో రాస్తుంటారు. అది సూప్‌కి సరే, పల్చటి డబ్బాతో సాస్ చేసేటప్పుడు మాత్రం మానేయాలి.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే. కొన్ని డబ్బాల్లో ముందే ఉప్పుంటుంది. 400 గ్రాములది ఇగిరి 250కి దిగితే ఆ ఉప్పంతా అందులోనే మిగులుతుంది. కాబట్టి రుచి చూసి చివర్లోనే వేయాలి.

పులుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అందరూ చెప్పే సలహా ‘చక్కెర వేయండి’ ఒక్కటే. చాలా డబ్బాల టమాటాలో నిమ్మఉప్పు కలుపుతారు, లేబుల్ మీద సిట్రిక్ ఆమ్లం అనో 330 అనో ఉంటుంది. తయారీదారు రుచి చెడగొడదామని కలిపేది కాదది. పులుపుని కొలిచే పీహెచ్ (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కన్నా తక్కువుంటే, బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు కలిగించే బాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం పుట్టించలేవు. టమాటా సహజంగానే ఆ గీతకి అటూ ఇటూగా ఉండే కాయ, బాగా పండినవి దాటిపోతాయి కూడా. పులుపు కలిపి గీత కిందకి దించితే డబ్బాని మరిగే నీళ్ల వేడిలోనే భద్రం చేయొచ్చు, లేకపోతే మాంసం డబ్బాల్లాగా 121 డిగ్రీల దాకా వేడి చేయాలి, కాయ ముద్దయిపోతుంది.

చక్కెర వేస్తే పులుపు తగ్గదు, నాలుకకి కప్పబడుతుంది. డబ్బాకి అర చిన్న చెంచా దాకా పర్వాలేదు, ఒకటి దాటితే తీపి విడిగా తెలిసిపోతుంది. పులుపుని నిజంగా విరిచేది వంటసోడా. 400 గ్రాముల డబ్బాకి చిన్న చెంచాలో ఎనిమిదో వంతు, అంటే సుమారు అర గ్రాము చాలు. సాస్ చిక్కబడుతున్నప్పుడు చల్లితే బుసబుసమని నురుగు పొంగుతుంది, కలుపుతూ ఉంటే నిమిషంలో అణుగుతుంది. నురుగు పోయాకే రుచి చూడండి. ఇంకా పులుపనిపిస్తే మరో ఎనిమిదో వంతు, అంతకు మించొద్దు. ఎక్కువైతే సబ్బు రుచి తగులుతుంది, ఎరుపు మసకబారి గోధుమ రంగుకి తిరుగుతుంది, దాన్ని సరిచేయాలంటే ఇంకో డబ్బా విప్పాల్సిందే. పులుపు మొత్తం చంపేస్తే టమాటా రుచే పోతుంది కూడా. సోడాతో కొంత తగ్గించి, దించే ముందు 10 గ్రాముల వెన్న కలిపితే మిగిలిన పులుపు గుండ్రబడుతుంది. వెన్న గానీ నూనె గానీ ఉంటే టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా ఒంటికి బాగా పడుతుంది, అది కొవ్వులో కరిగే పదార్థం.

వాసన లోటు తీర్చడం తేలిక. డబ్బాలో ఉడికినప్పుడే తాజా కాయకుండే పసరు వాసన ఆవిరైపోయింది, ఇంకా ఉడికించి దాన్ని తేలేం. పొయ్యి కట్టేశాక నాలుగైదు తులసి జాతి బేసిల్ ఆకులు తుంపి వేసి మూతపెడితే కొంత తిరిగొస్తుంది. కమ్మదనం చాలకపోతే అర చిన్న చెంచా సోయా సాస్ వేయండి. అది విడిగా తెలియదు, టమాటా ముదురుగా పండినట్టుంటుంది. అందులో ఉప్పుంటుంది కాబట్టి ఉప్పు వేయకముందే కలపాలి. తీరిక ఉంటే వడగట్టిన కాయల్ని సగానికి చీల్చి, ఒకటిన్నర పెద్ద చెంచాల నూనె పట్టించి, ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి. అంచులు ముడుచుకుని నల్లబడే చోట తీపి చేరుతుంది. చవక డబ్బాకి ఇంతకన్నా మేలు చేసే పద్ధతి లేదు.

వండాక మెత్తగా చేయాలంటే మిక్సీని జోరుగా తిప్పొద్దు. గాలి చేరి ఎరుపు కాస్తా నారింజ రంగవుతుంది, గింజలు నలిగి చేదు దిగుతుంది. జల్లెడలో గరిటెతో రుద్ది దించడం మంచిది. పూత లేని ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె కూడా వద్దు. పులుపు లోహాన్ని తింటుంది, ఆ రుచి సాస్‌లో తెలుస్తుంది. స్టీలు గానీ ఎనామిల్ పూత ఉన్నది గానీ వాడాలి.

ధర తగ్గించి అమ్మే డబ్బాల్లో సొట్టలు పడినవి ఉంటాయి. నడుము మీద చిన్న సొట్టైతే ఫరవాలేదు. పైనా కిందా అంచు అతుకు మీదో, నిలువు అతుకు మీదో సొట్టపడితే తీసుకోవద్దు. ఉబ్బినది, కారుతున్నది, విప్పగానే చిమ్మినది రుచి కూడా చూడకుండా పారేయాలి. విప్పిన డబ్బాలో మిగిలింది అలాగే ఫ్రిజ్‌లో పెట్టేయకూడదు, గాలి తగిలాక తగరం త్వరగా కరుగుతుంది. గాజు సీసాలోకి మార్చితే నాలుగు రోజులుంటుంది, ఫ్రీజర్‌లో మూడు నెలలు. మిగిలిన పేస్ట్‌ని ఒక్కో చెంచాడు చొప్పున కాగితం మీద పెట్టి గడ్డకట్టించి డబ్బాలో వేసుకుంటే కావలసినప్పుడు ఒకటి తీసుకోవచ్చు.

మీ వంటల పేజీ ఇకముందు ‘టమాటా డబ్బా ఒకటి’ అని కాకుండా ఈ తరహాలో అచ్చు వేయాలని మనవి: ‘నిండు కాయల టమాటా 400 గ్రాముల డబ్బా ఒకటి, వడగట్టి, రసం విడిగా ఉంచాలి, టమాటా పేస్ట్ ఒక పెద్ద చెంచా, 28 సెంటీమీటర్ల మూకుడు, గరిటె గీత నిలిచేదాకా, సుమారు 20 నిమిషాలు.’ దీనికి మూడు పంక్తుల చోటు చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు