కొమ్మ మీద సీటు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది. తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా, నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది, మిగతాది ఫోన్లో. ఇప్పుడు పరోటియా సంగతి చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

న్యూగినీ అడవుల్లో ఉండే స్వర్గపక్షి అది. పక్షుల ప్రణయ నృత్యాల డాక్యుమెంటరీలో దీని వంతు వచ్చేదాకా లేవకు. మగది ముందు నేల మీద కాస్త జాగా శుభ్రం చేసుకుంటుంది. ఎండుటాకు, పుల్ల, ఏది కనబడినా ముక్కుతో ఎత్తి అవతల పారేస్తుంది. ఆడపక్షి వచ్చి పైన అడ్డంగా ఉన్న కొమ్మ మీద కూర్చుంటుంది. ఇక మగది వంగి నమస్కారం పెట్టి, పక్క ఈకలు చుట్టూ గుండ్రంగా విప్పి, నాలుగడుగులు వేసి, టక్కున ఆగి, తల ఊపుతుంది. తల వెనక అటు మూడు, ఇటు మూడు తీగలు, వాటి చివర నల్లటి బిళ్ళలు. అవీ ఊగుతాయి.

నేల మీంచి తీసిన షాట్‌లో గౌను వేసుకున్న కాకిలా ఉంటుంది. నవ్వొస్తుంది కూడా. కానీ ఆట మనకోసం కాదుగా! అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ శాస్త్రవేత్త ఎడ్విన్ స్కోల్స్, ఫొటోగ్రాఫర్ టిమ్ లేమన్ కలిసి స్వర్గపక్షుల వెంట ఏళ్ళ తరబడి తిరిగారు. వాళ్ళు ఆడపక్షికి కనబడే కోణంలో, పైనుంచి కెమెరా పెట్టారు. అక్కణ్ణుంచి కాళ్ళు లేవు, ఒళ్ళు లేదు. ఒక నల్లటి కోడిగుడ్డు ఆకారం, దాని మీద ఆరు చుక్కల గంతులు, మధ్యలో రొమ్ము ఈకలు పసుపుగా భగ్గుమని, ఇంతలోనే నీలం! ఎక్కడ కూర్చున్నామన్నదాన్ని బట్టే ఏం కనబడుతుందన్నది అనే మన మూడో బెంచీ సిద్ధాంతం గుర్తుందా? అదేరా ఇది.

ఆ రంగు ఎందుకు మారుతుందంటే, వీటిలో లావెస్ పరోటియా అనే రకం రొమ్ము ఈకలోని సన్నటి పోగుల్ని అడ్డంగా కోస్తే బూమరాంగ్ ఆకారంలో ఉంటాయి. మధ్యభాగం పసుపును, వాలు పక్కలు నీలాన్ని తిప్పికొడతాయి. కొంచెం ఒళ్ళు తిప్పితే చాలు.

నలుపు సంగతి ఇంకా విడ్డూరం. స్వర్గపక్షుల్లో కొన్నిటి నల్ల ఈకలు మీద పడ్డ వెలుగులో 99.95 శాతం దాకా మింగేస్తాయని 2018లో తేలింది. పోగులు నిలువుగా లేచి ముళ్ళుముళ్ళుగా ఉండటంతో లోపలికెళ్ళిన వెలుగు అక్కడే కొట్టుకుని కొట్టుకుని ఆరిపోతుంది. మైక్రోస్కోపు కింద పెట్టడానికి బంగారు పూత పూస్తే మామూలు నల్ల ఈక బంగారు రంగుకి తిరిగిందట. ఇది మాత్రం నల్లగానే ఉండిపోయింది! నలుపు ఎంత చిక్కనైతే పక్కనున్న రంగు అంత మండిపోతుంది మరి.

అందుకే చెప్తున్నా, గదిలో లైటు తీసేసి చూడు. టీవీలో ‘వివిడ్’ మోడ్ వద్దు, ‘సినిమా’ మోడ్ పెట్టు. బ్రైట్‌నెస్ ఎక్కువైతే ఆ నలుపు బూడిద రంగైపోయి మొత్తం పాడు. కదలికల్ని నునుపు చేసే ‘మోషన్ స్మూతింగ్’ సెట్టింగ్ ఆపెయ్, లేకపోతే తల ఊపేటప్పుడు ఆ తీగలు అలుక్కుపోతాయి. మొదటిసారి మామూలుగా, రెండోసారి సగం వేగంలో. సంగీతం మాత్రం ఎక్కువ, నాకు నచ్చలేదు.

ఆ తర్వాత దక్షిణ అమెరికా మనాకిన్ ఒకటి వస్తుంది. గొంతుతో కాదు, రెక్కలతో పాడుతుంది! సెకనుకు వందసార్లకు పైగా కొట్టుకుంటాయి. ఒక ఈకకు గాట్లు, పక్క ఈక వంగి ఆ గాట్ల మీద గీకుతుంటే... అబ్బ, పోస్టు డబ్బా తెరిచే టైమైంది. ఉంటా.

నీ
చిన్నా