పుస్తకం చినిగినా ఫర్వాలేదని టీచర్లకు చెప్పండి, మంత్రి గారూ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో మా బస్తీ పక్కనున్న సర్కారు ప్రాథమిక బడికి వెళ్లి చిన్నపిల్లల చేత చదివిస్తుంటాను. మిమ్మల్ని అడిగేది ఒక్కటే: ఒకటి, రెండు తరగతుల పిల్లలు బొమ్మల కథల పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లేలా చేయండి.

బడికి వచ్చిన పుస్తకాలు బీరువాలోనే ఉంటున్నాయి. చినిగినా, పోయినా స్టాక్ రిజిస్టర్‌లో లెక్క చెప్పాల్సింది తామేనని టీచర్లకు భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. నష్టం మాత్రం పిల్లలకు.

వాచకంలోని పాఠం వాళ్లకు వారం తిరక్కుండానే నోటికి వచ్చేస్తుంది. గడగడా అప్పజెప్తారు. అందులోని ఒక్క మాట పలక మీద విడిగా రాసి చూపిస్తే ఆగిపోతారు. అక్షరమాల వచ్చినంత మాత్రాన తెలుగు చదవడం రాదు కదా. ‘వల’, ‘పలక’ చదివిన పిల్ల గుణింతాల దగ్గర నెమ్మదిస్తుంది, ఒత్తుల దగ్గర తడబడుతుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరాలతో పోలికే ఉండదు. ‘అమ్మ’ రోజూ పిలిచే మాటే అయినా, కాగితం మీద ఆ మ ఒత్తు కొత్తగా కనిపిస్తుంది. వేర్వేరు మాటల్లో, వేర్వేరు కథల్లో పదేపదే ఎదురైతేనే అది కంటికి అలవాటవుతుంది. ఒక్క వాచకం అందుకు చాలదు. ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడే పిల్లలకైతే మాటకు అర్థం కూడా బొమ్మే చెప్పాలి.

తల్లిదండ్రులకు చదువు రాకపోతే ఎలా అంటారేమో. పక్కన కూర్చుని వింటే చాలు, బొమ్మలో ఏముందని అడిగితే చాలు. వినే మనిషి ఉంటే పిల్లలు మళ్లీ మళ్లీ చదువుతారు.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలంటోంది. 2026-27 దానికి గడువు. మన రాష్ట్ర కార్యక్రమం ‘తొలిమెట్టు’ కూడా ఆ దారిలోదే. బడిగంటల్లోనే అంత సాధన కుదరదు, అందులోనూ ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకునే చోట.

అందుకే ఒక ఉత్తర్వు ఇవ్వండి. చినిగిన, పోయిన కథల పుస్తకాలను ఏటా రిజిస్టర్ నుంచి తీసేయవచ్చని, టీచర్ల దగ్గర పైసా వసూలు చేయరని అందులో స్పష్టంగా రాయించండి. ఆస్తిపన్నుతో పాటు ప్రజలు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. చినిగిన వాటి స్థానంలో కొత్తవి కొనడానికి అందులోంచి కొంత కేటాయించే మార్గం చూడండి.

వేసవి సెలవులకు ముందే ఆ ఉత్తర్వు బడులకు చేరితే మంచిది. సెలవుల్లోనే పిల్లలు చదవడం ఎక్కువగా మర్చిపోయేది. ప్రతి బిడ్డ వెంట రెండు పుస్తకాలు పంపమనండి. జూన్‌లో హెడ్‌మాస్టర్లను ముందు పిల్లల చదువు గురించి అడగండి, పుస్తకాల లెక్క తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక వాలంటీర్